నల్లబడిన సీసా ఫొటో గ్రూపులో పెట్టొద్దన్నారు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త చూశాను. మా వైపు పల్లెల్లో ఇంటింటికీ కుళాయి పని చాలావరకు అయిపోయిందని, మిగిలింది కూడా తొందర్లోనే పూర్తి చేస్తారని రాశారు. అబద్ధం అనను. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ గొట్టం లేచి ఉంది, దానికి కుళాయి ఉంది, కింద సిమెంటు దిమ్మె కూడా ఉంది. నీళ్లు రాని రోజు మా కుళాయికి మేకపిల్లను కట్టేస్తాం, గట్టిగానే ఉంది, ఇంతవరకు ఊడలేదు. నేను రాస్తున్నది కుళాయి గురించి కాదు, అందులోంచి రావాల్సిన దాని గురించి. కాస్త పొడుగు ఉత్తరం, ఓపిక చేసుకుని చదవండి.

మాది కనిగిరి దగ్గర ఒక పల్లె. నేను డ్వాక్రా సంఘం లీడర్ని, పదో తరగతి దాకా చదివాను. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్లు పరీక్ష చేయడం నేర్పించాలని ఒక నియమం ఉంది, మా ఊళ్లో ఆ ఐదుగురిలో నేనొకదాన్ని. ఒక్క రోజు ట్రైనింగ్, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం చేతికి ఒక పెట్టె ఇచ్చారు. పెట్టెలో చిన్న చిన్న సీసాలు, రంగుల చార్టు. క్లోరిన్‌కి చుక్క వేస్తే నీళ్లు పసుపు రంగుకి రావాలి. ఫ్లోరైడ్ సీసాలో గులాబీ రంగు పోయి పసుపుకి తిరిగితే ఎక్కువ ఉన్నట్టు. ఇంకొకటి మూత బిగించి ఇంట్లో వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచే సీసా. అది నల్లబడితే ఆ నీళ్లలో మురుగు కలిసి ఉండొచ్చు, తాగకూడదు. నాకు ఇవి నేర్చుకోవడం చాలా నచ్చింది, నిజం చెప్పాలంటే పెళ్లయ్యాక నేను నేర్చుకున్న మొదటి సైన్సు ఇదే.

ఫ్లోరైడ్ సంగతి మా వాళ్లకి ఎవరూ చార్టు పెట్టి చెప్పక్కర్లేదు. మా అత్తకి మెడ తిరగదు. పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తుంది. మా ఆయన పళ్ల మీద గారచారలు, ఆయన సంబంధానికి వచ్చినప్పుడు నోరు మూసుకునే నవ్వాడు, అది సిగ్గు అనుకుంది మా అమ్మ. ఈ జబ్బును మన దేశంలో ఫ్లోరోసిస్ అని గుర్తించింది కూడా మా వైపే. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో షార్ట్ అనే దొర, ఆయనతోటి వైద్యులు నెల్లూరు జిల్లాలో చూసి రాశారు. అప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. అంటే జబ్బు పేరు తెలిసి ఎనభై ఏళ్లు దాటిపోయింది, మందు లేదనీ తెలుసు, నీళ్లు మార్చడం ఒక్కటే దారి అనీ తెలుసు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదు, ఇది రూలు. కాగబెడితే పోతుందిలే అని ఇప్పటికీ కొందరు అంటారు, పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తేర్చే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్లు 1970లలోనే కనిపెట్టారు, దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఖర్చు తక్కువ, యంత్రాలు పెద్దగా అక్కర్లేదు. కానీ రోజూ పటిక కొలిచి కలిపే మనిషి కావాలి. ఎన్ని చోట్ల పెట్టినా చివరికి ఆ మనిషి దగ్గరే ఆగిపోతుంది కథ. నా ఉత్తరం అంతా ఆ మనిషి గురించే అనుకోండి.

దేశం లెక్క కూడా చెప్పాలి, లేకపోతే ఊరికే తిడుతున్నట్టు ఉంటుంది. 2019 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద జల్ జీవన్ మిషన్ ప్రకటించేనాటికి పల్లెల్లో 3.23 కోట్ల ఇళ్లకే కుళాయి, అంటే నూటికి పదిహేడు. ఇప్పుడు 15 కోట్లు దాటాయి. చిన్న పని కాదు, ఒప్పుకోవాలి. మొదటి గడువు 2024, అది దాటాక 2025 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ గారు 2028 దాకా పొడిగించారు. 2024-25 సంవత్సరానికి మొదట బడ్జెట్‌లో ఈ పథకానికి 70,163 కోట్లు అని పెట్టి, తరవాత సవరించి 22,694 కోట్లకి దించారు. ఆ మధ్యలో ఎన్ని ఊళ్లలో తవ్విన గుంతలు తవ్వినట్టే ఉండిపోయాయో గుత్తేదార్లని అడిగితే చెబుతారు. మా పక్క ఊళ్లో ట్యాంకు స్తంభాలు లేచాయి, పైన ట్యాంకు లేదు. పిల్లలు దానికి ఊయల కట్టుకున్నారు.

పథకం కాగితాల్లో కుళాయి అని మాత్రమే రాయలేదు, పనిచేసే కుళాయి అని రాశారు. మనిషికి రోజుకి 55 లీటర్లు, నాణ్యత ప్రమాణాలకి తగ్గట్టు, ఎప్పుడూ ఆగకుండా. 2022లో కేంద్రమే ఒక సర్వే చేయించింది. అందులో ఈ మూడూ సరిగ్గా ఉన్న కుళాయిలు నూటికి 62 ఇళ్లలోనే అని తేలింది. సర్కారు వాళ్లే ఒప్పుకున్న లెక్క కాబట్టి నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. మా ఇంటి లెక్క చెబుతాను. మేం ఐదుగురం, రోజుకి 275 లీటర్లు రావాలి. మా ఊళ్లో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి వచ్చిన రోజు 550 లీటర్లు పట్టుకోవాలి. మా బిందె పదిహేను లీటర్లు. ముప్పై ఆరు బిందెలు పైన. బాగా వచ్చిన రోజు పద్నాలుగు నిండుతాయి, అదీ మా పైవీధి వాళ్లు కుళాయికి మోటారు బిగించకపోతే. బిగించిన రోజు ఆరు. కానీ లెక్కలో మాది ఎప్పుడూ 'కుళాయి ఉన్న ఇల్లు', ఆరు బిందెలు వచ్చినా, అసలు రాకపోయినా.

ఇప్పుడు సీసా సంగతి.

పోయిన వర్షాకాలం మూడు వీధుల నుంచి నీళ్లు పట్టి పరీక్ష చేశాను. క్లోరిన్ చుక్క వేస్తే రంగు రాలేదు, తెల్లగా అట్లాగే ఉంది. కుళాయి చివర కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగలాలి అని ట్రైనింగ్‌లో చెప్పారు. సరేలే అని మూడో సీసా పెట్టాను, పొయ్యి పక్కన అటక మీద. తెల్లారి చూస్తే ఎస్సీ కాలనీ నీళ్ల సీసా కాటుకలా ఉంది. మా వీధిది బూడిద రంగు. నాకు కాళ్లు ఆడలేదు, ఎందుకంటే ఆ కాలనీలో అప్పటికే ముగ్గురు పిల్లలకి వాంతులు, విరేచనాలు. ఫొటో తీసి మండలం వాట్సాప్ గ్రూపులో పెట్టబోయి, ముందు నీళ్ల పని చూసే పెద్దసారుకి ఒక మాట చెబుదామని ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడు కాదు, ఈ మాట కావాలనే రాస్తున్నాను. "అమ్మా, ఆ ఫొటో గ్రూపులో పెట్టొద్దు. పెడితే పైనుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. నేను చూసుకుంటా" అన్నాడు. చూసుకున్నాడు కూడా. ఆ రాత్రికి రాత్రే ట్యాంకు కడిగించాడు, బ్లీచింగ్ వేయించాడు, కాలనీకి వెళ్లే గొట్టం మురుగు కాలవ దాటే చోట పగిలి ఉంటే దాన్ని మార్పించాడు. రెండు రోజుల తరవాత సీసా పెడితే నల్లబడలేదు.

అప్పట్నుంచీ నాకు ఒకటే ఆలోచన. అంత సులువుగా బాగయ్యేది అన్నాళ్లు ఎందుకు బాగవలేదు? గొట్టం ఎప్పుడు పగిలిందో ఎవరికీ తెలియదు. నేను సీసా పెట్టకపోతే ఇంకా తెలిసేది కాదు. పెట్టాక తెలిసింది, కానీ తెలిసినట్టు ఎక్కడా రాసి లేదు. గ్రూపులో లేదు, పంచాయతీ రిజిస్టర్లో లేదు. రేపు ఇంకో ఊళ్లో ఇట్లాంటి గొట్టమే పగిలితే మా ఊరి సంగతి వాళ్లకెట్లా తెలుస్తుంది? ఫొటో పెట్టకుండా ఊరుకున్నది నేనే కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

విజయనగరం జిల్లా గుర్లలో 2024 అక్టోబరులో విరేచనాలు ప్రబలి మనుషులు చనిపోయారు, మీ పత్రికలో రోజూ చదివాం. ఏడాది తిరిగిందో లేదో ఇండోర్ వార్త. శుభ్రమైన నగరమని ఏటా మొదటి బహుమతి అందుకునే ఊరు, అక్కడ భగీరథపుర అనే పేటలో మంచినీటి గొట్టంలో మురుగు కలిసి జనం పోయారు. పేరు చూడండి, భగీరథపుర! గొట్టం మీదే మరుగుదొడ్డి కట్టారని చెప్పారు. నీళ్లు వేరు, మరుగుదొడ్డి వేరు అని రెండు పథకాలుగా రెండు ఆఫీసులు నడుపుతాయిగానీ భూమి లోపల ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

మరుగుదొడ్ల గురించి కూడా రెండు మాటలు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది, ఇంటికి 12 వేలు ఇచ్చారు, ఐదేళ్లలో పది కోట్లకు పైగా కట్టారు, 2019 గాంధీ జయంతి నాటికి పల్లెల్లో బహిరంగ మలవిసర్జన లేదని ప్రకటించేశారు. ఆ ప్రకటన అటూ ఇటూగా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం నూటికి 19 ఇళ్లవాళ్లు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని వచ్చింది. నేనైతే దీన్ని మోసం అనను. మా ఊళ్లో ఆడవాళ్లు చీకటి పడేదాకా కడుపు బిగపట్టుకుని కూర్చోవడం చాలావరకు పోయింది, అది నా కళ్ల ముందు జరిగిన మార్పు, దానికి ఎవరికి దణ్ణం పెట్టమన్నా పెడతాను. కానీ వెళ్లి రావడానికి కనీసం ఒక బకెట్ నీళ్లు కావాలి కదా, ఆరు బిందెలు వచ్చిన రోజు ఏ బిందె దానికి పోస్తారు? ఆ రోజు మగవాళ్లు చెంబు పట్టుకుని చెరువు వైపే.

గుంత సంగతి ఇంకోటి. రూలు ప్రకారం రెండు గుంతలు తవ్వాలి, ఒకటి నిండాక రెండోదానికి మళ్లిస్తే మొదటిది ఏడాది ఏడాదిన్నరలో ఎరువై పొడిగా అయిపోతుంది, మనిషి చేత్తో ముట్టుకునే పనే ఉండదు. చాలా తెలివైన పద్ధతి. మా ఊళ్లో మేస్త్రీలు ఒక గుంతే తవ్వి ఒరలు దించారు, రెండోది ఫొటో కోసం మూత వేసి చూపించారు. ఇప్పుడు పదేళ్లు అయింది కాబట్టి గుంతలు నిండుతున్నాయి. ట్యాంకర్ బండి వస్తుంది, డబ్బులు తీసుకుని పీల్చుకుపోతుంది, ఎక్కడ వదులుతుందో అడిగితే డ్రైవరు నవ్వుతాడు. మా వాగుని అడిగితే చెబుతుంది. బండి పోని సందుల్లో మనుషులనే దింపుతున్నారు, 2013లోనే అది నేరమని చట్టం వచ్చినా. మొన్న పక్క ఊళ్లో ఒకాయన దిగబోతుంటే వాళ్లావిడ వచ్చి జుట్టు పట్టుకుని లాక్కుపోయింది. మంచి పని చేసింది.

ఇక తాగేది. మా ఇంట్లో తాగేది క్యాన్ నీళ్లు, ఇరవై లీటర్ల క్యాన్. 2014లో ఎన్టీఆర్ సుజల పేరుతో ప్రభుత్వమే రెండు రూపాయలకి ఇరవై లీటర్లు అన్నది, చాలా ఊళ్లలో ఆ ప్లాంట్లు ఇప్పుడు తాళం వేసి ఉన్నాయి. ఫిల్టరు మార్చే మనిషి లేడు, చూశారా మళ్లీ ఆ మనిషే. ప్రైవేటు ప్లాంటు ఆయన నడుపుతున్నాడు కాబట్టి ఆయన దగ్గర కొంటున్నాం. ఆయన బోరులోంచి తోడిన నీళ్లు ఫిల్టరు చేసి, అందులో సగానికి పైగా వదిలేస్తాడు, ఫ్లోరైడ్, ఉప్పు అంతా చిక్కబడిన నీళ్లు, అవి కాలవలో పడి మళ్లీ మా భూమిలోకే ఇంకుతాయి. ఊరు మొత్తం ఇట్లా తాగితే ఇంకో ఇరవై ఏళ్లకి మా బోర్లు ఏమవుతాయో మీ పత్రికలో ఎవరైనా తెలిసినవాళ్లు రాస్తే బాగుంటుంది. మా చెల్లెల్ని నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఇచ్చాం. అక్కడ మిషన్ భగీరథలో కృష్ణా నీళ్లు వచ్చాయి, దాని పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, మేం వెళ్లినప్పుడల్లా మా అత్త వాళ్ల నోళ్లు తెరిపించి చూసి మురిసిపోతుంది. కానీ వాళ్లింట్లో కూడా తాగడానికి క్యానే! ఎందుకే అంటే, "ఏమో అక్కా, ఆ నీళ్లు మంచివని ఎవరూ చెప్పలేదు" అంది. అంత ఖర్చు పెట్టి నది నీళ్లు ఇంటికి తెచ్చినవాళ్లు ఆ ఒక్క మాట చెప్పలేదు.

మాకూ నది నీళ్లు వస్తాయంటున్నారు. 2025 జులైలో మార్కాపురం దగ్గర నరసింహాపురంలో పవన్ కళ్యాణ్ గారు 1,290 కోట్ల తాగునీటి పథకానికి శంకుస్థాపన చేశారు. రావాలనే కోరుకుంటున్నా. వచ్చాక ఎవరు తిప్పుతారు అన్నదే నా ప్రశ్న. మా ఊళ్లో వాల్వు తిప్పే బాబాయికి అరవై దాటాయి. ఏ వీధికి ఎంతసేపు వదలాలి, ఎక్కడ గాలి పట్టేస్తుంది, ఏ వాల్వుని ఎన్ని చుట్లు తిప్పితే కాలనీకి అందుతుంది, అన్నీ ఆయన తలలోనే ఉన్నాయి, మ్యాపు లేదు. ఆయన జీతం ఉపాధి పనికి వెళ్లినవాళ్లకి వచ్చేదానికంటే తక్కువ, అది కూడా నెలలు నెలలు ఆలస్యం. పోయిన సంక్రాంతికి ఆయనకి జ్వరం వస్తే నాలుగు రోజులు ఊరంతా బిందెలు పట్టుకుని పొలాల బోర్ల దగ్గర. "బాబాయ్, ఇంకొకళ్లకి నేర్పరాదా" అంటే, "ఈ జీతానికి ఎవడొస్తాడమ్మా, నా కొడుకే రానన్నాడు" అన్నాడు.

డబ్బు లేదా అంటే ఉంది. 15వ ఆర్థిక సంఘం పల్లెల్లో నీళ్లకి, పారిశుధ్యానికి మాత్రమే వాడాలని 2021 నుంచి 2026 దాకా ఐదేళ్లకి 1,42,084 కోట్లు కట్టి పెట్టింది. మన రాష్ట్రంలో ఆ డబ్బులు కరెంటు బకాయిల కింద జమ వేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కిన సంగతి అందరికీ తెలుసు, వాళ్లు ఏ పార్టీ అన్నది నాకు అనవసరం. పంచాయతీ కూడా నెలకి కొంత నీటి పన్ను వసూలు చేయాలి. అడిగితే మా ఊరివాళ్లు ఇవ్వరు, నేనూ ఇవ్వను, ఒప్పుకుంటున్నాను. క్యాన్‌కి నెలకి మూడు నాలుగొందలు పోస్తూ పంచాయతీకి యాభై అంటే మాత్రం మనసు రాదు. నమ్మకం లేని నీళ్లకి ఎవరిస్తారు? నమ్మకం రావాలంటే చూపించాలి.

అందుకే నేను అడిగేది ఇది. మా సచివాలయం గోడ మీద పథకాల పేర్లన్నీ రాసి ఉన్నాయి, ట్యాంకు మీద శుభ్రం చేసిన తేదీ కూడా రాసి ఉంది, అది కడిగినా కడగకపోయినా ఎప్పుడూ కొత్త పెయింట్‌తో మెరుస్తుంటుంది. ఆ పక్కన ఇంకో పట్టీ రాయించండి. ఈ నెల ఏ వీధిలో ఏ రోజు నీళ్లు వచ్చాయి, క్లోరిన్ ఎంత, ఫ్లోరైడ్ ఎంత, సీసా నల్లబడిందా లేదా. బాగా లేకపోతే బాగా లేదనే రాయండి. రాసినందుకు ఆ సారుకి ఫోన్లు రాకూడదు, రాయకపోతే రావాలి. ఢిల్లీలో వెబ్‌సైటులో ఎన్ని కోట్ల కుళాయిలో మా ఊరివాళ్లు ఎట్లాగూ చూడరు, ఈ గోడ చూస్తారు, రోజూ పాల కేంద్రానికి వెళ్లే దారి అదే. బాబాయికి పైజీతం కాకపోయినా ఉన్న జీతం ఒకటో తారీఖు ఇవ్వండి, పక్కన ఒక కుర్రాణ్ణి పెట్టి నేర్పించండి, ఆయన తలలో ఉన్న మ్యాపు కాగితం మీదికి రావాలి, తొందరగా. నాకిచ్చిన పెట్టెలో సీసాలు అయిపోయాయి. ఐదారు నెలలుగా అడుగుతున్నాను, వస్తాయమ్మా అంటున్నారు. మిగిలిన నలుగురు ఆడవాళ్లు అయితే పెట్టెని అసలు తెరవలేదు, అందులో ఒకామె సూదులు దారాలు పెట్టుకుంది, పాపం ఆమెనేం అంటాం.

ఊరు పేరు అచ్చు వేయొద్దు, సారుకి ఇబ్బంది. మీ విలేకరి వచ్చి చూస్తానంటే మాత్రం సంతోషం, నా నంబరు మీ ఆఫీసులో ఇచ్చాను. పగలు వస్తే కుళాయికి మేకపిల్ల తప్ప ఏమీ కనపడదు. నీళ్లు వదిలేది ఉదయం ఆరున్నరకి, అరగంటే ఉంటాయి. ఈ వారం మంగళవారం, గురువారం మా వీధి వంతు. కాలనీకి బుధవారం.

ఇట్లు,
ఒక డ్వాక్రా లీడర్,
కనిగిరి ప్రాంతం